లోహాలకూ షుగర్‌కూ లంకె ఎంత?

ఢిల్లీలో జీటీబీ నగర్ మెట్రో దిగి బత్రా సినిమా వైపు నడిస్తే ముఖర్జీ నగర్ వస్తుంది. సివిల్స్ కోచింగ్‌కు పేరుమోసిన పేట. మన తెలుగు పిల్లలు ఎక్కువగా ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో దిగుతారు, ఇక్కడంతా హిందీ మీడియం వాళ్ల రాజ్యం. ఏ ఊరు బాబూ అని అడిగితే బలియా, గాజీపూర్, బక్సర్, భోజ్‌పూర్, పట్నా, భాగల్‌పూర్ అంటారు. గంగ ఒడ్డున ఆర్సెనిక్ బోర్లున్న జిల్లాలు చెప్పమంటే, ఆ పని మీద తిరిగిన శాస్త్రవేత్త కూడా దాదాపు ఇవే పేర్లు చదువుతాడు. బీహార్‌లో ఈ విషం మొదట బయటపడింది భోజ్‌పూర్ జిల్లా సెమ్రియా ఓఝా పట్టీలో, 2002లో. పరీక్షలు చేసింది జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం. ఆ వెంటనే బలియా పేరూ ఎక్కింది.

అంటే పద్దెనిమిదేళ్లు ఊళ్లో చేతిపంపు నీళ్లు తాగిన కుర్రాడు ఇక్కడికొచ్చి, కిటికీ లేని గదిలో రోజుకు పది పన్నెండు గంటలు కూర్చుని చదువుతాడు. టిఫిన్ సర్వీసు డబ్బా తింటాడు, రాత్రి రెండింటికి టీతో పాటు సిగరెట్టు వెలిగిస్తాడు, నవంబరు పొగ పీలుస్తాడు. అతనికి ముప్పై అయిదేళ్లకు షుగర్ తేలితే నేరం దేని మీద మోపాలి? విష లోహాలకూ మధుమేహానికీ సంబంధం ఉందా అనే ప్రశ్న మీద పాతికేళ్లకు పైగా సాగుతున్న పరిశోధన అంతా ఈ కుర్రాడి చుట్టూనే తిరుగుతోందని చెప్పొచ్చు.

ఆ పరిశోధనంతా చదివాక నాకు తోచింది ముందే చెప్పేస్తాను. ఆర్సెనిక్ మోతాదు బాగా ఎక్కువైన చోట లంకె గట్టిది. తక్కువ మోతాదు దగ్గరా, తక్కిన లోహాల దగ్గరా అనుమానానికి ఆధారం ఉంది, తీర్పు చెప్పడానికి మాత్రం చాలదు. ఇది పరిశోధకుల అలసత్వం వల్ల వచ్చిన లోటు కాదు. మనం కొలుస్తున్నది ఈ రోజు ఒంట్లో ఉన్న లోహాన్ని. జబ్బుకు బీజం పడింది ఎప్పుడో, ఏ నీళ్లతోనో.

గట్టి నేల తైవాన్‌లో ఉంది. ఆ ద్వీపం నైరుతి తీరంలో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో లోతైన బావులు తవ్వారు. ఉప్పునీళ్ల బాధ తీరింది గానీ ఆర్సెనిక్ నీళ్లు గొంతు దిగాయి. కాలి వేళ్లు నల్లబడి కుళ్లిపోయే బ్లాక్‌ఫుట్ వ్యాధి అక్కడిదే. 1994లో ఆ ఊళ్లలోని 891 మంది పెద్దవాళ్లను పరీక్షించి చూస్తే, షుగర్ తైవాన్ సగటుకు దాదాపు రెట్టింపు ఉంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. జీవితకాలంలో తాగిన ఆర్సెనిక్ పెరిగిన కొద్దీ షుగర్ కూడా మెట్లు మెట్లుగా పెరిగింది. నాలుగేళ్ల తర్వాత బంగ్లాదేశ్‌లో ఒంటి మీద ఆర్సెనిక్ మచ్చలు తేలినవాళ్లలోనూ ఇదే ధోరణి కనబడింది. ఈ రెండు చోట్లా నీళ్లలో ఆర్సెనిక్ మన ప్రమాణమైన లీటరుకు 10 మైక్రోగ్రాముల కంటే ఎన్నో పదుల రెట్లు ఎక్కువ.

ఒంట్లో ఏం జరుగుతుందో ఊహించడానికి కూడా ఆధారాలున్నాయి. క్లోమంలోని బీటా కణం రక్తంలో చక్కెర ఎంతుందో తెలుసుకునే పద్ధతి చిత్రమైనది. ఆ చక్కెరను తానే కొంత కాల్చి, వచ్చిన శక్తిని బట్టి ఇన్సులిన్ వదులుతుంది. నీళ్లలో ఉండే ఆర్సెనిక్‌లో ఎక్కువ విషపూరితమైన రకం, సల్ఫర్ ఉన్న ప్రోటీన్లను గట్టిగా పట్టుకుంటుంది. చక్కెరను కాల్చే దారిలో కీలకమైన పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము అలా దానికి చిక్కుతుంది. రెండో రకం ఆర్సెనిక్ ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది. ఫాస్ఫేట్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటే కణానికి శక్తి తయారు కాదు. కాబట్టి బీటా కణం కళ్లకు గంతలు కట్టినట్టే. ప్రయోగశాలలో ఎలుకల మీదా, విడి కణాల మీదా ఇది చూశారు. కాకపోతే ఆ ప్రయోగాల్లో చాలావాటిలో వాడిన మోతాదులు మనుషులు తాగే నీళ్లతో పోల్చదగ్గవి కావు. దారి ఉందని తేలింది, ఆ దారిన మనిషి నిజంగా నడిచాడా అన్నది వేరే లెక్క.

అసలు గొడవ 2008లో మొదలైంది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో 788 మంది మూత్రం లెక్కలు తీసుకుని, అనా నవాస్ ఏసియన్ బృందం వైద్య పత్రిక జామాలో ఒక వ్యాసం ప్రచురించింది. మూత్రంలో ఆర్సెనిక్ ఎక్కువున్న వర్గంలో, తక్కువున్న వర్గంతో పోలిస్తే, టైప్ 2 షుగర్ ఉండే అవకాశం మూడున్నర రెట్లు అని దాని సారాంశం. అమెరికాలో నీళ్లు మన గంగా తీరం నీళ్ల లాంటివి కావు, అక్కడ మోతాదులు తక్కువ. ఆ తక్కువలోనే ఇంత తేడా అంటే ప్రపంచం ఉలిక్కిపడాల్సిందే.

మరుసటి ఏడాదే స్టైన్‌మాస్ బృందం అదే సర్వే లెక్కల్ని మళ్లీ తిరగేసింది. చేపలు, రొయ్యలు తిన్నవాళ్ల మూత్రంలో ఆర్సెనోబీటైన్ అని, హాని లేని ఆర్సెనిక్ రూపం ఒకటి దండిగా వస్తుంది. మొదటి బృందం దాన్ని గణితంతో సర్దుబాటు చేసింది. రెండో బృందం మొత్తంలోంచి నేరుగా తీసేసింది. అలా తీసేస్తే లంకె దాదాపు మాయమైంది. ఒకే సర్వే, ఒకే మూత్రం, రెండు తీర్పులు! గణాంకాల్లో ఏ మెట్టు దగ్గర ఏం తీసేశావన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

2010లో బంగ్లాదేశ్‌లోని అరైహజార్ నుంచి వచ్చిన వ్యాసం ఇంకో దెబ్బ. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు పదకొండు వేల మందికి పైగా మనుషులనూ వాళ్లు తాగే బోర్లనూ ఒక్కొక్కటే లెక్కకట్టి చూశారు. ఆర్సెనిక్‌కూ షుగర్‌కూ సంబంధం దొరకలేదు. అమెరికా మూలవాసుల్లో షుగర్ విపరీతం, వాళ్ల మీద దశాబ్దాలుగా సాగుతున్న స్ట్రాంగ్ హార్ట్ స్టడీలో సంబంధం కనబడింది గానీ ప్రధానంగా షుగర్ అదుపు తప్పినవాళ్లలోనే. అప్పటిదాకా పోగైనదంతా ముందేసుకుని అమెరికా జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రాం 2011లో నిపుణుల్ని కూర్చోబెట్టింది. తేల్చింది ఇదీ: లీటరుకు 150 మైక్రోగ్రాములు, ఆ పైన ఆర్సెనిక్ ఉన్న నీళ్ల దగ్గర లంకెకు ఆధారం ఫర్వాలేదనదగ్గ స్థాయిలో ఉంది. దాని కింద చాలదు. ఆ తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాలు తక్కువ మోతాదు వైపు కూడా కొంచెం మొగ్గు చూపాయి గానీ, నా లెక్కలో ఆ గీత ఇంకా చెరిగిపోలేదు.

స్ట్రాంగ్ హార్ట్ ఫలితం మీద ఇంకాస్త ఆగాలి. షుగర్ అదుపులో లేని మనిషికి మూత్రం ఎక్కువ పోతుంది, తొలిదశలో కిడ్నీ వడపోత కూడా వేగంగా ఉంటుంది. అలాంటప్పుడు మూత్రంలో లోహం ఎక్కువ కనబడితే, లోహం వల్ల షుగర్ వచ్చిందా, షుగర్ వల్ల లోహం ఎక్కువ బయటకు పోతోందా? మనిషిని ఒక్కసారి నిలబెట్టి ఒక్క సీసా మూత్రం పట్టుకునే సర్వే దీనికి జవాబు చెప్పలేదు. నేను చదివిన పరిశోధనలో సగానికి సగం అలాంటి సర్వేలే. షుగర్ లేనప్పుడే నమూనా తీసి, పదేళ్లు ఆ మనిషిని వెంటబడి చూసిన అధ్యయనాలు తక్కువ. విలువ మాత్రం వాటిదే.

కాడ్మియం కథ ఇంకో రకం. అమెరికాలో నలభై దాటిన 8 వేల మందికి పైగా మూత్రం చూసిన అధ్యయనం 2003లో వచ్చింది. కాడ్మియం పెరిగిన కొద్దీ పరగడుపు షుగర్, మధుమేహం రెండూ పెరిగాయని చెప్పింది. స్వీడన్‌లో మాల్మో నగరవాసుల్ని ఏళ్లతరబడి వెంటాడి చూసినవాళ్లకు రక్తంలోని కాడ్మియంతో అలాంటి సంబంధం కనబడలేదు. జీవరసాయనం వైపు నుంచి అనుమానానికి తావుంది. ఇన్సులిన్‌ను బీటా కణాలు జింకుతో కలిపి గుళికలుగా దాచుకుంటాయి, జింకు కోసం అవి తెరిచిపెట్టిన తలుపుల్లోంచే కాడ్మియం లోపలికి దూరగలదు. చిక్కల్లా సిగరెట్టు. పొగతాగే వాళ్లకు కాడ్మియం ప్రధానంగా అందులోంచే వస్తుంది. ఒక్కో సిగరెట్టులో ఒకటీ రెండు మైక్రోగ్రాములుంటే, అందులో పదో వంతు దాకా ఊపిరితిత్తులకు చేరుతుంది. పొగతాగడం దానికదే షుగర్ ముప్పును 30 నుంచి 40 శాతం పెంచుతుందని 2014 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది. మరి కాడ్మియం ఎక్కువున్నవాళ్లలో షుగర్ ఎక్కువ అంటే, ఆ మాట కాడ్మియం గురించా, పొగ గురించా? పొగతాగని వాళ్లను విడిగా తీసి చూడాలి. అలా చూసినచోట లంకె సాధారణంగా పలచబడుతుంది.

సీసం గురించి త్వరగా చెప్పేయొచ్చు. పిల్లల మెదడుకు, రక్తపోటుకు, కిడ్నీకి అది చేసే చేటు ఇప్పుడు తర్కించాల్సిన విషయం కాదు. షుగర్‌తో దాని సంబంధం మాత్రం అక్కడక్కడా కనబడి మాయమవుతుంటుంది. పాదరసం దగ్గరైతే రెండు పెద్ద అమెరికా అధ్యయనాలు ఒకే ఏడాది, 2013లో, ఎదురెదురు మాటలు చెప్పాయి. ఒకటి కాలిగోళ్లలో పాదరసం ఎక్కువున్న యువకులకు తర్వాత షుగర్ ఎక్కువ వచ్చిందంది, ఇంకోటి అలాంటిదేమీ లేదంది.

కాలం లెక్క ఇక్కడ చూడాలి. నీళ్లతో వచ్చిన ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో మూత్రంలో పోతుంది. రక్తంలోని సీసం నెల రోజుల్లో సగమవుతుంది, ఎముకలో దాగిన సీసం దశాబ్దాలుంటుంది. కాడ్మియం కిడ్నీలో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా కదలదు. అందుకే భోజ్‌పూర్ నుంచి వచ్చి ముఖర్జీ నగర్‌లో రెండేళ్లున్న కుర్రాడి మూత్రం ఈ రోజు పరీక్షిస్తే, అతను చిన్నప్పుడు తాగిన చేతిపంపు సంగతి అందులో ఏమీ ఉండదు. గోరు ముక్క అయితే ఏడాది వెనక్కి తీసుకెళ్తుంది, అంతకు మించి పోలేదు. అతని కిడ్నీలోని కాడ్మియం మాత్రం అన్ని ఊళ్లనూ కలిపి చెబుతుంది, ఏది ఎక్కడిదో విడగొట్టలేదు.

ఇక ఢిల్లీ అతనికి కొత్తగా ఏం కలుపుతోంది? ముఖర్జీ నగర్‌ను ఆనుకున్న నెహ్రూ విహార్ పక్కగా పారే నజఫ్‌గఢ్ నాలా వజీరాబాద్ బ్యారేజీ దిగువన యమునలో కలుస్తుంది. యమున ఢిల్లీలో నిజంగా చచ్చిపోయేది అక్కడే. పడమట వజీర్‌పూర్‌లో స్టీలు పళ్లేలను ఆమ్లంలో ముంచి తెల్లబరిచే పరిశ్రమలు క్రోమియం, నికెల్ వదిలాయి. వాయవ్యాన 1994 నుంచి చెత్త పోస్తున్న భలస్వా కొండ ఉంది. ఇక నది ఒడ్డు మడుల్లో పాలకూర, ముల్లంగి పండించేవాళ్లు ఉన్నారు. ఆకుకూరలు నేలలోని కాడ్మియాన్ని తక్కిన పంటల కంటే ఎక్కువగా లాక్కుంటాయి. టెరి సంస్థ 2012లో యమున ఒడ్డు మట్టిలో, కూరల్లో నికెల్, సీసం, పాదరసం లాంటివి చూసింది. 2015 జనవరి 13న, పర్యావరణ కార్యకర్త మనోజ్ మిశ్రా వేసిన కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్, నది శుభ్రమయ్యే దాకా వరద మైదానంలో తినే పంటలు పండించొద్దని చెప్పింది. నది శుభ్రం కాలేదు, పంటలూ పూర్తిగా ఆగలేదు. నది ఒడ్డున కౌలు చేసుకునే రైతును ఒక ఉత్తర్వుతో లేపేస్తే అతను ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు, అదీ నిజమే.

ఊరటకు ఒక మాట. ఢిల్లీలో 1998 నుంచి, దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు. అయినా 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన అంచనాలో, రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు పైగా సీసం ఉన్న పిల్లలు భారతదేశంలోనే 27 కోట్లకు పైగా. పాత బ్యాటరీలను పెరట్లో కరిగించే చోట్లు ఇందులో పెద్ద దోషులు.

గాలి సంగతి వేరే. ఢిల్లీ, చెన్నై నగరాల్లో 12 వేల మందికి పైగా పెద్దవాళ్లను 2010 నుంచి 2017 దాకా వెంటాడిన అధ్యయనం 2023లో వెలువడింది. పీఎం 2.5 వార్షిక సగటు 10 మైక్రోగ్రాములు పెరిగితే షుగర్ వచ్చే ముప్పు 22 శాతం పెరిగిందని అది చెప్పింది. షుగర్ లేనప్పుడే మొదలుపెట్టి చూసిన పని కాబట్టి దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. కానీ పీఎం 2.5 అంటే మసి, సల్ఫేట్లు, దుమ్ము, వాటితో పాటు కాసిన్ని లోహాలు. అందులో లోహాల వాటా ఎంతో ఆ లెక్క విడదీయదు. భారతీయ వైద్య పరిశోధన మండలి అదే ఏడాది దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని లెక్క తేల్చింది. అందులో అత్యధికులకు కారణం తిండి, నడక లేకపోవడం, వంశం, పొట్ట దగ్గరి కొవ్వు. సన్నగా ఉన్నా షుగర్ వచ్చే మన దేశపు ఒంటి తీరుకు లోహాలే జవాబని తేల్చేసే రాతలు అప్పుడప్పుడు కనబడుతుంటాయి. ఆ దూకుడుకు ఆధారం లేదు.

లోహం దొరికిందంటే దోషి దొరికినట్టేనా అనేదానికి మన ఏలూరే సాక్ష్యం. 2020 డిసెంబరు మొదటి వారంలో ఆ ఊళ్లో ఆరు వందల మందికి పైగా మూర్ఛలు, వాంతులతో ఆస్పత్రుల్లో చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చిన మొదటి మాట, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని. టీవీల్లో మూడు రోజులు అవే పేర్లు. తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్లింది. ఒంట్లో లోహం కనబడటం, జబ్బుకు అదే కారణమవడం, ఈ రెంటి మధ్య దూరం ఎంతో ఆ పది రోజుల్లో ఏలూరు చూసింది. రోజుల్లో వచ్చిన జబ్బుకే అంత తికమక ఉంటే, ఇరవై ఏళ్లకు వచ్చే షుగర్ మాట చెప్పేదేముంది?

బాణం తిరగబడే చోటు ఇంకోటుంది, దాన్ని మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. లోహం షుగర్ తెచ్చిందో లేదో గానీ, షుగర్ వచ్చినవాడు లోహం కొనుక్కుంటున్నాడు. భస్మాలు, చూర్ణాలు, 'షుగర్‌కు శాశ్వత పరిష్కారం' అని గోడల మీద కనిపించే పొట్లాలు ఇందులో ఉన్నాయి. షుగర్‌కని తిన్న భారతీయ మూలికా మందుల వల్ల సీసం విషం ఎక్కిందన్న నివేదిక 1994లోనే వైద్య పత్రికలో వచ్చింది. 2004లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. 2008లో ఇంటర్నెట్‌లో కొన్నవి పరీక్షిస్తే మళ్లీ అయిదింట ఒకటి. శుద్ధి చేసిన భస్మం వేరు అని ఆయుర్వేద వైద్యులు వాదిస్తారు. ఆ వాదన రక్తపరీక్షలో సీసం అంకె ఎక్కువొచ్చిన మనిషికి పనికిరాదు.

దీనికి విరుగుడుగా 'డీటాక్స్' అమ్మేవాళ్లు ఇంకో వైపు. వాళ్లు చూపించే శాస్త్రం పేరు టాక్ట్. గుండెపోటు వచ్చిన 1708 మందిలో దాదాపు సగం మందికి, లోహాలను పట్టుకుని మూత్రంలో పంపే ఈడీటీఏ సెలైన్ ఎక్కించిన ఆ ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. మొత్తం మీద లాభం స్వల్పం, షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం ఆశ్చర్యపడేంత ఎక్కువ. దాన్ని సరిచూడటానికే షుగర్, గుండెపోటు రెండూ ఉన్నవాళ్లతో టాక్ట్2 మొదలుపెట్టారు. 2024లో ఫలితం వచ్చింది. రక్తంలో సీసం 61 శాతం తగ్గింది. గుండె జబ్బులూ మరణాలూ తగ్గలేదు. ఇంత శుభ్రమైన జవాబు ఈ రంగంలో అరుదు. ఒంట్లోంచి లోహం తీసేస్తే జబ్బు నయమవుతుందని చెప్పి సెలైన్ సీసాలు అమ్మే క్లినిక్కులు ఇది చదవలేదో, చదివి పక్కన పెట్టాయో.

ముఖర్జీ నగర్ గల్లీలో ఆర్వో నీళ్ల దుకాణం ముందు నిలబడండి. ఇరవై లీటర్ల డబ్బాలో పెన్ను లాంటి టీడీఎస్ మీటరు ముంచి, 40 అని అంకె చూపిస్తాడు దుకాణదారు. 'ఏక్‌దమ్ శుద్ధ్' అంటాడు. ఆ మీటరు లెక్కపెట్టేది నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములని. ఆర్సెనిక్ హద్దు 0.01 మిల్లీగ్రాము. కాబట్టి 40 చూపించే నీళ్లలోనూ అది హద్దు దాటి ఉండొచ్చు, 400 చూపించే నీళ్లలో అసలు లేకపోవచ్చు. మంచి ఆర్వో ఆర్సెనిక్‌లో చాలా భాగం ఆపుతుంది, కానీ దాన్ని నిరూపించేది ల్యాబ్ పరీక్షే, ఆ పెన్ను కాదు.

అన్నం దగ్గర మనవాళ్ల పాత అలవాటు ఒకటి పనికొస్తోంది. బియ్యం నీళ్లలో నిలబడి పెరిగే పంట, నేలలోని ఆర్సెనిక్‌ను బాగా తాగుతుంది. మరపట్టిన బియ్యంలో కిలోకు 0.2 మిల్లీగ్రాములు దాటొద్దని 2014లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. బియ్యం తేటనీళ్లు వచ్చే దాకా కడిగి, ఎసరు ఎక్కువ పోసి వండి, గంజి వార్చేస్తే ఆర్సెనిక్ సగం దాకా పోతుందని బెంగాల్ పరిశోధకులు చూపించారు. ఎసరుకు పోసే నీళ్లు మంచివై ఉండాలి, అదొక్కటే షరతు. బోరు నీళ్లే ఆర్సెనిక్‌వైతే అన్నంలోకి ఇంకా ఎక్కుతుంది. కుక్కర్లొచ్చాక వార్చడం మానేసిన మనం ఢిల్లీ గదుల్లోనూ కుక్కరే పెడుతున్నాం.

ఈ మధ్య పేటలోని ల్యాబ్‌ల బోర్డుల మీద 'హెవీ మెటల్ ప్యానెల్' అని కొత్త ప్యాకేజీ కనిపిస్తోంది, ధర వేలల్లో. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ కలిపి వందల్లో అయిపోతాయి. బ్యాటరీ పని, లోహాల పూత పని, ఆర్సెనిక్ జిల్లాల బోరు, ఇలాంటి తెలిసిన కారణమేదీ లేనివాడు మొదటిది చేయించుకుంటే, అంకె వస్తుంది, చేయడానికి ఏమీ ఉండదు. బలియా కుర్రాడు చేయించుకోవాల్సింది రెండోది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పరీక్షకు పంపాల్సింది అతని రక్తం కాదు, వాళ్ల పెరట్లో అమ్మ ఇంకా కొడుతున్న చేతిపంపు నీళ్లు.